కోయని మక్కచేను

"మా అత్త పోయింది టీచరమ్మా. దినాలు గూడ అయిపోయినయ్" అంటూ ఆ కోడలు మా గేటు ముందు గంప దించింది.

గంపలో కాకరకాయలు, పక్కన తడిగుడ్డ కప్పిన పుంటికూర, అదే గోంగూర. ఆ గంప నాకు ఏళ్లుగా తెలుసు. దాన్ని మోసుకొచ్చిన మనిషే వేరు. ఎవరైనా పోయారని చెబితే అడగాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. ఎప్పుడు, ఏమైంది, దగ్గర ఎవరున్నారు అని. నేను అవేవీ అడగలేదు.

"అవ్వ నా గురించి ఏమన్న అన్నదా?" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మీ గురించా? ఏమంటది?" అంది. మళ్లీ తనే, "జరమచ్చింది. నాలుగు దినాలు మంచంల ఉన్నది. మీ గురించి ఏమనలె" అంది.

ఏమీ అనలేదట. ఆ మాటకు నా ఊపిరి తేలికపడాలి. పడలేదు. తిట్టి పోయినా బాగుండేదనిపించింది. కాకరకాయలు తీసుకుని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. స్కూలుకు టైమైందని లోపలి నుంచి మా ఆయన రెండుసార్లు పిలిచాడు.

మా కాలనీలో ఎవరికీ ఆమె పేరు తెలియదు. అందరికీ కాకరకాయల అవ్వ. నాకు తెలుసు. ఒకసారి ఒక కాగితం మీద నా చేత్తోనే రాశాను కనుక తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ఆ పేరు రాసి నేను చేసిన నిర్వాకం ఒకసారికి చాలు. పోయిన కార్తీకం తర్వాత ఆమె మా వీధికి రావడం తగ్గించింది. మోకాళ్ల నొప్పులని అప్పట్లో ఎవరో అన్నారు. మోకాళ్లేనని నమ్మడానికి నేను చాలా కష్టపడ్డాను.

కామారెడ్డి వీధుల్లో అందరం కింద చూసుకుంటూ నడుస్తాం. గుంతలుంటాయి, మోరీల మీద బండలు లేచి ఉంటాయి. ఆమె మాత్రం పైకి చూస్తూ నడిచేది. కరెంటు తీగలు, పిట్టగోడలు, నీళ్ల ట్యాంకులు, మా సందు మొదట్లో ఉన్న వేపకొమ్మలు, అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చేది. నెత్తిన గంప ఉంటుంది కాబట్టి మెడ కదిలేది కాదు, కళ్లు మాత్రం పైకి తిరిగేవి. నడుము దగ్గర కొంగులో ఒక గులేరు దోపుకుని ఉండేది. పంగకర్ర, దానికి పాత సైకిల్ ట్యూబు రబ్బరు. పట్నంలో దానికి రాయి పెట్టేది కాదు. వట్టి రబ్బరును చెవిదాకా లాగి పట్టుకునేది, అంతే. కోతులు పారిపోయేవి, కుక్కలు పారిపోయేవి. ఒకసారి మా కాలనీ పెద్దాయన స్కూటర్ మీద వస్తూ తల వంచేశాడు. ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. నేను గేటు వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వాను.

మాట మధ్యలో ఆగిపోయేది. "ఆగు" అని చెయ్యెత్తేది. మనం నోరు మూసుకుని నిలబడాలి. ఎక్కడో రేకుల మీద చప్పుడు, లేదా ఏదో ఆకుల కదలిక. కొంచెంసేపు విని, "ఏం లేదు, చెప్పు" అనేది. మొదట్లో నాకు విసుగొచ్చేది. క్లాసులో పిల్లలు నా మాటకు అడ్డొస్తేనే ఊరుకోని మనిషిని. పోను పోను ఆ "ఆగు" నాకూ అంటుకుంది. ఆమె వెళ్లిపోయాక కూడా చెవులు రిక్కించి వింటూ నిలబడేదాన్ని.

టీ ఇస్తే నిలబడే తాగేది. అదీ గోడకు వీపు ఆనించి.

"కూసొని తాగు అవ్వా" అంటే, "కూసుంటే కాళ్లు మరుస్తయ్ బిడ్డా. కోతి అచ్చినంక లేస్తనంటే అయితదా" అనేది.

"ఈడ నీ చేను లేదు గదా."

"చేను లేదు. చెవులున్నయ్ గదా."

ఎల్లారెడ్డి పోయే దారిలో, అడవి అంచున వాళ్ల ఊరు. ఎకరన్నర చేను. అందులో మక్కజొన్న, ఒక మూల కూరగాయలు. కొడుకు దుబాయిలో. అత్తాకోడళ్లిద్దరూ వంతులేసుకుని కావలి కాసేవాళ్లు. కావలి అంటే పంట చేతికొచ్చే ముందు పది రోజులనుకున్నాను నేను. కాదట. విత్తిన మర్నాటి నుంచే. భూమిలోని గింజను కోతులు తవ్వుకుని తింటాయి, మొలకను పీకి చూస్తాయి, పాలకంకిని ఒక కొరుకు కొరికి పారేస్తాయి.

"తింటే బాధ లేదు. ఒకటి తిని పది ఇరుస్తయ్. గది ఆకలి గాదు బిడ్డా, ఆట" అనేది.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె గంపలో బీర, బెండ, చిక్కుడు, వంకాయ, టమాట అన్నీ ఉండేవి. ఏడాదికొకటి తగ్గుతూ వచ్చి, చివరికి కోతి ముట్టని కాకర, పుంటికూర మిగిలాయి. కాలనీ ఆడవాళ్లు "ఎప్పుడు కాకరేనా అవ్వా" అని మూతి తిప్పేవాళ్లు. నేనూ తిప్పాను, దాచుకోవడం దేనికి. "ఏం జెయ్యాలె అమ్మా, మా ఊర్ల ఏం పండాల్నో కోతులే జెప్తయ్" అని ఆమె గంప ఎత్తుకునేది.

నాకు మిద్దె మీద మొక్కలు పెంచే పిచ్చి మూడేళ్ల కింద పట్టింది. జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఆకును అడ్డంగా కోసిన బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను, కానీ చేతికి మట్టి అంటింది అప్పుడే. పగిలిన బకెట్లు, థర్మాకోల్ డబ్బాలు, నాలుగు టబ్బులు. టమాట, బెండ, మెంతికూర. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే మిద్దెక్కేదాన్ని. ఆకు ముడుచుకుంటే నా కడుపు ముడుచుకునేది. పూత రాలితే ఆ రోజు స్కూల్లో పిల్లలకు తిట్లు. నాలుగు నెలలకు తొమ్మిది టమాటలు కాశాయి. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు ఒక్కోదానికి ఫొటో తీసి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. అది చాలక అవ్వను మిద్దెక్కించి చూపించాను.

ఆమె ముందు చుట్టూ ఉన్న గోడలన్నీ చూసుకుంది. తర్వాత టబ్బు ముందు కూర్చుని, మట్టిలోకి వేలు గుచ్చి, తీసి వాసన చూసింది.

"నీళ్లు ఎక్కువైనయ్. జర దూప కానియ్యి దీనికి. దూపైతెనే ఏరు కిందికి దిగుతది" అంది.

"పెట్టి నాలుగు నెలలాయె అవ్వా" అన్నాను గర్వంగా.

"ఇండ్ల ఎంతమంది?"

"ముగ్గురం."

తొమ్మిది కాయలు, ముగ్గురు మనుషులు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒక కాయను కింద నుంచి అరచేత్తో పట్టుకుని, తెంపకుండా, బరువు చూసి వదిలింది. "గీ కాయకు ఏమన్న అయితదేమోనని నీ మొకంల భయం కనవడుతున్నది బిడ్డా. మా చేనంత గదే భయం" అంది.

ఆ రోజు నుంచి నేను కూరగాయల దగ్గర బేరమాడలేదు, కొసరు అడగలేదు. అది నా గొప్పతనమని చెప్పుకోవడం లేదు. తొమ్మిది టమాటలు పండించి నోరు మూసుకున్నదాన్ని. ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా ఒక్క నిమిషం మిద్దెక్కేది. ఆకుల మీద పొయ్యి బూడిద చల్లేది, పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి పొయ్యమనేది. దిగేటప్పుడు మొక్కలకు కాదు, నాకు ధైర్యం చెప్పేది. "ఏం గాదు తీయ్. ఎండిపోతే మల్ల పెట్టుకుంటవ్. నీ బువ్వ దీని మీద లేదు గదా." ఆ మాట నాకు కొంచెం గుచ్చుకునేది, కొంచెం నిమ్మళంగానూ ఉండేది.

పోయిన ఏడాది ఎండాకాలం కోతుల మంద ఒకటి మా కాలనీ మీద పడింది. మందకు పెద్ద ఒక ఆడకోతి, దానికి తోక సగమే ఉంది. అది నీళ్ల ట్యాంకు మూతను మరలు తిప్పి తీసేది. వంటింటి కిటికీలోంచి డబ్బా లాగి, దాని మూతా తిప్పి తీసేది. నా బెండ మొక్కలను ఒక్కొక్కటి పీకి, వేరు చూసి, పక్కింటి మీదికి విసిరేది. కోపం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజు ఏడుపు కూడా వచ్చింది. కోతులు పట్టేవాళ్లను పిలిపిద్దామని ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది నేనే. మంగళవారం అరటిపండ్లు పెట్టి దండం పెట్టుకునే వాళ్లను కూడా ఒప్పించాను.

వాళ్లు బోను పెట్టి, పల్లీలు చల్లి, మూడు రోజుల్లో మందంతటినీ పట్టారు. చివరికి సగం తోకది కూడా పడింది. బోన్లు వ్యాన్‌కెక్కిస్తూ, "ఊరి బయట గుట్టల కాడ ఇడుస్తం మేడం" అన్నాడు వాళ్ల మనిషి.

"గుట్టల కాడ ఇడిస్తే రెండు దినాలకు మళ్ల మా ఇండ్ల మీదనే ఉంటయ్. దూరం తీస్కపోండ్రి. ఎల్లారెడ్డి దిక్కు పెద్ద అడవి ఉన్నది గదా, ఆడ ఇడువుండ్రి" అన్నాను.

ఆ మాట అన్నది నేను. ఇంకెవరూ కాదు. అడవి అంటే నాకు చెట్లే గుర్తొచ్చాయి. చెట్ల అంచున చేన్లుంటాయని, వాటిలో ఒకటి వారానికి రెండుసార్లు మా గేటు ముందు నిలబడే మనిషిదని గుర్తుకు రాలేదు. ఆమె ఎక్కడి నుంచి వస్తుందో తెలియక కాదు. తెలిసీ గుర్తుకు రాలేదు.

వానలు పడ్డాయి. నా మిద్దె మళ్లీ పచ్చబడింది. మక్కలు పాలకంకి పట్టే రోజుల్లో ఆమె రెండు వారాలు కనబడలేదు. ఒక పొద్దున వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గంపలో సగానికి కూడా లేవు కాయలు.

"ఈసారి కోతులు మారినయ్ బిడ్డా" అంది గంప దించకుండానే.

"మారుడేంది అవ్వా?"

"మా అడవి కోతులకు నేనెరుక, నాకు అవెరుక. గులేరు సూస్తే ఉరుకుతయ్. గీటికి మనిషంటే భయం లేదు. మొన్న మంచె మీద సద్ది పెట్టి దిగితే, టిఫిన్ మూత తిప్పి తీసింది. తిప్పి తీసుడు అడవి కోతికి ఎట్లెరుక? ఎవలో పట్నమోళ్లు తెచ్చి ఇడిసిన్రు." ఎడమ చేతి మీద జానెడు కొలిచి చూపించింది. "ఒకదానికి తోక గింతే ఉన్నది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "అయ్యో" అన్నాను. నేను ఆమెతో ఆడిన మొదటి అబద్ధం ఆ "అయ్యో"నే.

"సదువుకున్నదానివి. ఒక దరఖాస్తు రాసియ్యి బిడ్డా. కామారెడ్డిల పెద్దసారుకు ఇయ్యాలె. అచ్చి చేను సూడుమని రాయి. కోతులను తెచ్చి మా మీద ఇడుసుడు బంద్ జెయ్యుమని రాయి" అంది.

మెట్ల మీద కూర్చుని రాశాను. విషయం, ఊరు, ఆమె పేరు, చేను, పంట, అన్నీ నా గుండ్రటి అక్షరాల్లో. కోతులను ఎవరు వదిలారో రాయాల్సిన చోట పెన్ను ఆగింది. "కొందరు గుర్తుతెలియని వ్యక్తులు" అని రాశాను. మొత్తం ఆమెకు చదివి వినిపించాను.

"గుర్తుతెలియని అంటే?"

"ఎవరో మనకు తెల్వదు అని."

"అవును మరి. మనకెట్ల ఎరుకైతది" అంది. మనకు అంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం ఆమె దొంగ చేతే రాయించుకుని, పెన్ను సిరా బొటనవేలికి రుద్దుకుని ముద్ర వేసింది. "నువ్వే ఇయ్యి బిడ్డా. నేను పోతే నిలవెడ్తరు. నువ్వు పోతే కుర్సీ ఏస్తరు" అని కాగితం నా చేతిలో పెట్టింది.

నేను ఇవ్వలేదు. ఇస్తే ఎవరో ఒకరు విచారణకు వస్తారు. కోతులు ఎక్కడివి, ఎవరు పట్టించారు, వ్యాన్ ఎటు పోయింది అని అడుగుతారు. మా కాలనీ పేరు, ఆ తర్వాత నా పేరు బయటికొస్తాయి. మా ఆయనతో చెబితే, "కోతి పుండు బ్రహ్మరాక్షసి చేస్తవా ఏంది, ఊకో" అన్నాడు. ఊరుకోవడం కూడా చేతకాలేదు నాకు. రెండు గంటలు పర్మిషన్ పెట్టి ఒకసారి కలెక్టరాఫీసు గేటు దాకా పోయాను. లోపల మా స్కూలు పిల్లాడి తండ్రి ఒకాయన కనబడి నమస్తే పెట్టాడు. ఏదో పని మీద వచ్చినట్టు ఆయనతో రెండు మాటలాడి తిరిగొచ్చాను.

తర్వాతి వారం ఆమె గేటు బయట నుంచే అడిగింది. "ఇచ్చినవా బిడ్డా?"

"ఇచ్చిన అవ్వా."

ఎట్లా వచ్చిందో నోట్లోంచి, వచ్చేసింది.

"ఏమన్నరు?"

"అచ్చి చూస్తమన్నరు."

ఆ రోజు ఆమె టీ కూర్చుని తాగింది. నేనెన్నడూ చూడలేదు అట్లా. రెండు కాళ్లూ చాపుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చల్లారేదాకా తాగింది. నేను లోపలికి పోయి, వంటింట్లో పనేమీ లేకపోయినా గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను.

అక్కడి నుంచి నాకు గేటు గొళ్లెం చప్పుడంటే భయం పట్టుకుంది. ఆమె వచ్చే రోజుల్లో తొందరగా స్కూలుకు పోయేదాన్ని. అప్పటికీ సందు చివర ఎదురయ్యేది. "ఎప్పుడస్తరట బిడ్డా?" అనేది. "అస్తరట అవ్వా, జర పనులున్నయట" అనేదాన్ని. దసరా అయింది. దీపావళి అయింది. అడగడంలో ఆమెకు విసుగు లేదు, తప్పుబట్టడం లేదు. సార్లకు పనులుంటాయని నాకే నచ్చచెప్పేది. ఒకసారి పోతూ పోతూ, "చేను గట్లనే ఉంచిన. ఎప్పుడచ్చినా సూసుకుంటరు" అంది. విన్నాను. ఉంచడం అంటే ఏమిటో అడగలేదు. తప్పించుకోవాలనే తొందరలో ఉన్న మనిషికి మాటలు చెవి దాకానే వస్తాయి.

కార్తీకంలో మళ్లీ రెండు వారాలు రాలేదు. తిండి సయించలేదు నాకు. మిద్దె మీద చిక్కుడు తీగ గుత్తులు గుత్తులుగా కాసింది, దాని వైపు చూడబుద్ధి కాలేదు. ఒక ఆదివారం దరఖాస్తు బ్యాగులో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఏం చెబుతానో దారంతా నేర్చుకుంటూ పోయాను. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్లను కాళ్లతో కలియదిప్పుతూ ఆడవాళ్లు ఎండలో నడుస్తున్నారు. బస్సు దగ్గరికొచ్చే దాకా తప్పుకోరు వాళ్లు. బస్సే తప్పుకుని పోయింది.

ఊళ్లో అడిగితే చేను చూపించారు. చూపించనక్కర్లేదు. చుట్టూ అన్ని చేన్లూ మక్క కోసి, దున్ని, శనగలు వేసి ఉన్నాయి. మొలకలు వరసలుగా పచ్చగా కనబడుతున్నాయి. వాటి నడుమ ఒక్క చేను మాత్రం ఎండిపోయి, విరిగి, మనిషెత్తున నిలబడి ఉంది. దగ్గరికి పోయాక చూశాను. విరిగిన ప్రతి కర్రకూ చీర పేలిక ఒకటి కట్టి ఉంది. ఎర్రవి, నీలంవి, పువ్వులవి. చేనంతా పేలికలే.

ఆమె మంచె మీద ఉంది, చేతిలో గులేరుతో. నన్ను చూసి దిగింది. నన్ను కాదు, నా వెనక బాట వైపు చూసింది.

"సార్లు అచ్చిన్రా బిడ్డా?"

"నేనొక్కదాన్నే అవ్వా. ఇదేంది, ఇంక కోయలేదు?"

"కోస్తే సార్లకు ఏం సూపియ్యాలె?" అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు ఆశ్చర్యపడుతూ. "ఎనుకట గాలివాన అచ్చినప్పుడు, నష్టం రాసుకపోను సార్లు అచ్చిన్రు. కోసుకున్నోళ్లకు ఏం పోలేదు పో అన్నరు. కోయనోళ్లదే రాసుకున్నరు. అందుకే ఉంచిన. ఉన్న నాలుగు కంకులు గూడ కోతులను తిననిస్తే, చొప్ప సూసి పంటే లేదంటరు. కోడలు కూలికి పోతున్నది, నేను ఈడుంటున్న."

పోయిన పంటకు కావలి కాస్తోంది ఆమె. రెండు నెలలుగా. నా మాట మీద.

నన్ను సాళ్లలోకి తీసుకుపోయింది, నేనే ఆ పెద్దసారునైనట్టు. ఇవి మొదటి దినం పోయినవి, ఇవి సగం కొరికినవి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క పొద్దుల పోయినవి అని పేలిక పేలికకూ చెప్పింది. బస్సులో నేర్చుకున్న మాటలేవీ అక్కడికి సరిపోలేదు. చివరికి నేర్చుకోని మాటలే వచ్చాయి.

"అవ్వా, ఆ కోతులు మా కాలనీయి. పట్టిచ్చింది నేనే. ఈ దిక్కు ఇడువుమన్నది నేనే."

ఆమె ఆగింది. "గా తోకమొండిదా?"

"ఆఁ."

తర్వాత గట్టు మీద కూర్చుంది. "మా ఊరోళ్లు గూడ మూడేండ్ల కింద పట్టిచ్చి గాంధారి మండలం దిక్కు ఇడిసచ్చిన్రు. నేనేమన్న వద్దంటినా? అనలె. అది గూడ యాడనో ఒక కాడ బతకాలె గదా" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతేనా, ఇంత తేలిగ్గానా అనుకున్నాను. అంతలో ఆమె, "ఏం గాదు తీయ్. సార్లు అచ్చినప్పుడు గదే చెప్పు. ఎవలో గాదు, మేమే ఇడిసినమని. అప్పుడన్న గీ ఇడుసుడు బంద్ జేస్తరు" అంది.

"దరఖాస్తు ఇయ్యలేదవ్వా."

"ఆఁ?"

"ఇయ్యలేదు. నా కాడనే ఉన్నది." బ్యాగులోంచి తీసి చాచాను.

ఆమె దాన్ని తీసుకోలేదు. "అచ్చి సూస్తమన్నరంటివి."

"అనలేదు. నేనే అన్న."

ఆమె చేను వైపు చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టమని లోపల లోపల బతిమాలుకున్నాను.

"అయితే ఎవలు రారు" అంది.

"రారు."

"గట్లనా" అని లేచింది. మంచె కింద నుంచి కొడవలి తీసుకుని మొదటి సాలు ముందు వంగింది. "ముందుగాల్నే చెప్తే కోసుకుంటుంటి గదా బిడ్డా" అంది. కోపం లేదు ఆ గొంతులో. కూరలో ఉప్పు మరిచిపోయిన మనిషికి చెప్పినట్టు చెప్పింది. కోత మొదలుపెట్టింది. పేలికలు కట్టిన కర్రలు పేలికలతోనే పడుతున్నాయి.

నేను పక్కన నిలబడి, టీచర్నని చెప్పుకునే మనిషిని, బుద్ధిలేని ప్రశ్న అడిగాను. "ఇప్పుడన్న శనగలు ఏసుకోరాదా అవ్వా?"

"అదును దాటింది" అంది తల ఎత్తకుండా.

"నాకొక కొడవలియ్యి. నేను గూడ కోస్త."

"నీ చేతికి తిరగది. నువ్వు బస్సు సూసుకో. నాలుగింటిది పోతే మల్ల పొద్దుగూకినంకనే."

ఆమె మొదటి సాలు సగానికి పోయింది. ఆ ఎకరన్నర ఒక్కతే కోయాలి. కొడవలి ఇవ్వకపోయినా ఉండాల్సింది. చేత్తో పీకినా, కట్టలు మోసినా, ఏమీ చేతకాక ఊరికే గట్టు మీద కూర్చున్నా ఉండాల్సింది. నేను టైం చూసుకున్నాను. గట్ల వెంబడి రోడ్డు మీదికి వచ్చాను. నాలుగింటి బస్సు సరిగ్గా టైముకే వచ్చింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.